ఏడీ గారి పచ్చ సంతకం

శామీర్‌పేట,
14 జూన్ 2025, శనివారం

బాపూ,

ఇక్కడ మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది. వాన పడదు, ఎండ రాదు. మా పనంతా లైటు మీద నడుస్తుంది. పొద్దున ఆరింటికి వచ్చి పది దాకా ఊరికే కూర్చున్నాం. పదింటికి కాస్త లైటు వచ్చింది, గంటలో మళ్లీ పోయింది. నాలుగింటికి ఇక లాభం లేదని ప్యాకప్ చెప్పారు.

నేను చేరిన సంగతి అమ్మకు ఫోనులో చెప్పాను. నీకు ఫోనులో చెబితే సగం వినబడి మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకని రాస్తున్నాను. పైగా లోపలి సంగతులు బయటికి పోకూడదని గేటు దగ్గరే మా ఫోన్లు డబ్బాలో వేయించుకుంటారు.

నన్ను డైరెక్షన్ డిపార్ట్‌మెంటులో అసిస్టెంట్ డైరెక్టరుగా తీసుకున్నారు. ఏ డిపార్ట్‌మెంటైనా సరే, డిపార్ట్‌మెంటులో ఉండాలని నువ్వు అంటుండేవాడివి. ఏడీలం నలుగురం, నేను అందరికంటే చిన్నదాన్ని. మా యూనిట్ మొత్తం నూట ఇరవై. పాత కోళ్లఫారం షెడ్డును బాగుచేసి ఆఫీసు చేశారు. చెమ్మకు కోళ్ల వాసన ఇంకా లేస్తుంది.

నాకు అప్పజెప్పిన పని కంటిన్యూటీ. నిన్న బల్ల మీద గ్లాసు ఎటువైపు ఉంది, అందులో నీళ్లు ఎంత ఉన్నాయి, గోడ గడియారం ఎంత చూపింది, అన్నీ పుస్తకంలో రాసుకోవాలి. ఇవాళ మళ్లీ అన్నీ అట్లాగే ఉండేలా చూడాలి. మొన్న గ్లాసు ఎడమవైపు పెట్టబోయారు, నేను పట్టుకున్నాను. మా డైరెక్టర్ ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టు.

మన వాడకట్టు వజ్రమ్మ మా మెస్సుకు పెరుగు, ఆకుకూరలు తెస్తోంది. ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆమెకే ఇవ్వు.

బీపీ మాత్ర పొద్దునే వేసుకో, గుర్తొచ్చినప్పుడు కాదు.

తేజస్వి


మేడ్చల్,
17 జూన్ 2025

విషయం: నీ ఉద్యోగం గురించి.
సూచిక: నీ 14వ తేదీ ఉత్తరం.

తేజస్వికి గౌరయ్య రాయునది,

బడి తెరిచి ఆరు రోజులైంది. నిన్న ఒక జల్లు పడి స్టాఫ్ రూము మూలన కారింది. పొద్దుటి నుంచి హాజరు పట్టీలు ఆరబెడుతున్నాను. నీ ఉత్తరం మీ అమ్మ మధ్యాహ్నం టిఫిను డబ్బాతో పంపింది. నాలుగో గంట కొట్టాక చదివాను. ఐదో గంట కొట్టడం రెండు నిమిషాలు ఆలస్యమైంది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఇట్లా జరగడం రెండోసారి. మొదటిసారి నువ్వు పుట్టిన రోజు.

శాఖ పేరు నువ్వు రాయలేదు. అయినా కోళ్లఫారం అన్నావు, యూనిట్ అన్నావు, అర్థమైంది. పశుసంవర్ధక శాఖ. మంచి శాఖ. అయితే గొర్రెల పంపిణీలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిస్తే ఒక యూనిట్. నువ్వు ఒక్క యూనిట్‌కే నూట ఇరవై రాశావు. సరిచూసుకో, ఆడిట్‌లో అడుగుతారు. అట్లాగే డైరెక్షన్ అని రాశావు. డైరెక్టరేట్ అని ఉండాలి. ఇప్పుడు నువ్వు ఆఫీసరువి, స్పెల్లింగు జాగ్రత్త.

లైటు పోతే పని ఆగిపోతోందన్నావు. ఇన్వర్టరుకు ఇండెంటు పెట్టు. కంటిన్యూటీ అంటే స్టాక్ రిజిస్టరు పని అని గ్రహించాను. మేమూ ఏటా మార్చిలో బల్లలు, కుర్చీలు లెక్కపెడతాం. గ్లాసులో నీళ్లు మాత్రం ఎప్పుడూ రాయలేదు. మీ శాఖ గట్టిది.

ఇప్పుడు అసలు సంగతి. మన మేకల గండయ్యకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. మేకలను చేత్తో తడిమి గుర్తుపడుతున్నాడు. మేడ్చల్‌లో కంటి శిబిరం పెట్టి, పేర్లు రాసుకుని, జూలై 4న వ్యానులో తీసుకుపోయి ఆపరేషన్ చేయిస్తారట. కానీ ఇతని ఒక కార్డులో గండయ్య అని ఉంది, ఇంకో కార్డులో గుండయ్య అని ఉంది. ఇద్దరూ ఒకడేనని, ఇతన్ని ఎరిగిన గెజిటెడ్ అధికారి ఫోటో మీద సంతకం చేసి ఇవ్వాలట. 30వ తేదీ లోపల. ఒక్క కొమ్ము ఎక్కువ పడినందుకు ఇంత తిరుగుడు. అది చదివి చెబితే అతనన్నాడు:

“మేకకు కొమ్ముండాలె గని, నా పేరుకెందుకు గౌరయ్యా?”

మా బడికి గెజిటెడ్ హెడ్మాస్టర్ పోస్టు రెండేళ్లుగా ఖాళీ. ఇన్‌ఛార్జి మేడమ్ పచ్చ సిరా వాడడానికి లేదు. ఇద్దరు ఆఫీసర్ల దగ్గరికి తీసుకుపోయాను. ఇతనెవరో మాకు తెలియదన్నారు. తప్పు లేదు, తెలియదు. నీకు తెలుసు. నీకు నడక రాకముందు మేకపిల్లతో పాటు నిన్నూ చంకన వేసుకుని తిప్పినవాడు. ఏడీ హోదా గెజిటెడ్. అందుకే ఫారం, ఫోటో, పచ్చ సిరా పెన్ను ఒకటి జత చేయడమైనది.

సంతకం చేసి తిరిగి వజ్రమ్మకు ఇవ్వగలవు.

ఇట్లు,
మీ బాపు


శామీర్‌పేట,
20 జూన్, శుక్రవారం

బాపూ,

వాన మొదలైంది. షెడ్డు రేకుల మీద చప్పుడుకు మాట వినబడక పొద్దున్నంతా పని ఆగింది. సౌండు చూసే ఆయన చెవులకు తగిలించుకున్నవి తీసేసి టీ తాగుతూ కూర్చున్నాడు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పెన్ను బాగుంది. కానీ ఫారం మీద నేను సంతకం చేయలేను. చేసినా దానికి విలువ ఉండదు. నాది నువ్వనుకున్న శాఖ కాదు బాపూ.

కొంచెం వివరంగా రాస్తాను, నువ్వే తెలుసుకుంటావు. మేం చేస్తున్నది పీరియడ్. మా ఆఫీసులో అంతా 1994. గోడ మీద క్యాలెండర్ 1994, బల్ల మీద ఫైళ్లు 1994, నల్ల ఫోను. ఎవరైనా చేతికి ఇప్పటి గడియారం పెట్టుకుని లోపలికి వస్తే తీయించేది నేనే. మాకు మాస్టర్లు కూడా ఉన్నారు. రేపు ఫైట్ మాస్టర్ వస్తాడు, వచ్చే వారం డాన్స్ మాస్టర్. ఇంత చెప్పాక ఇక నీకు అర్థమై ఉంటుంది. కోపం వస్తే ఆ కోపాన్నే రాసి పంపు. రాయకుండా ఉండకు.

గండయ్య తాత పని మాత్రం ఆగకూడదు. వేరే ఎవరినైనా అడుగు. ఫారం తిరిగి పంపుదామంటే ఇవాళ వజ్రమ్మ సంచి తడిసి ముద్దయింది. నేను రాసుకునే అట్ట కింద భద్రంగా పెట్టాను, ఆరిన రోజు పంపుతాను.

ఈ ఉత్తరం పాలిథిన్ కవరులో పెట్టిచ్చాను. కవరు పారేయకుండా నీ జవాబు అందులోనే పెట్టు.

తేజస్వి


మేడ్చల్,
23 జూన్ 2025, సోమవారం

బిడ్డా,

అంతా అర్థమైంది. కోపమెందుకు?

పీరియడ్ అన్నావు. అది ప్రొబేషన్ పీరియడ్. ఎవరికైనా ఉంటుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు భయపడి సంతకాలు పెట్టరు, అదే నీ ఇబ్బంది అని తెలుసుకున్నాను. మా ఆఫీసు గుమాస్తా చక్రపాణిని అడిగాను. ప్రొబేషన్‌లో ఉన్నా గెజిటెడ్ గెజిటెడే అన్నాడు. ఆయన ఆ మాట నలుగురిలో అన్నాడు కాబట్టి నీ సంగతి నలుగురికీ తెలిసింది. అందులో నా ప్రమేయం కొంతే.

1994 ఫైళ్లు ఇప్పుడు తిరగేస్తున్నారంటే ఏదో పెద్ద విచారణ నడుస్తోంది. ఫోన్లు గేటు దగ్గర తీసుకోవడం కూడా అందుకే. నువ్వు శాఖ పేరు రాయకపోవడమే మంచిదైంది. నేనిక అడగను. ఏ శాఖైనా ఏడీ ఏడీయే. ఫైట్ మాస్టర్ అంటే మా డ్రిల్ మాస్టారులాంటి పోస్టు కావచ్చు. ఏ స్కేలు ఇస్తున్నారో వీలైతే కనుక్కో. మా పీఈటీ సారు అడగమన్నాడు.

గండయ్య నిన్న సాయంత్రం పక్కింటి రమేష్ వాళ్ల నల్లమేకను తోలుకొచ్చి తన దొడ్లో కట్టేశాడు. తన మేకను వాళ్ల దొడ్లోకి తోలాడు. రమేష్ పెండ్లాం వచ్చి అరిస్తే, మేక నాదే, నీకే కండ్లు కనబడుతలేవు అన్నాడు. చివరికి మేక పొదుగు పట్టి చూసుకుని ఒప్పుకున్నాడు. ఆ తరువాత చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా మేకలు కాస్తున్నవాడు.

30వ తేదీకి ఇంకా ఏడు రోజులే. గండయ్య ఆగేటట్టు లేడు. గురువారం తనే బస్సెక్కి నీ ఆఫీసుకు వస్తానంటున్నాడు. వద్దని చెప్పాను. నా చెవులకు ఫోను ఎట్లాగో, అతనికి నా మాట అట్లాగే.

ఇంకొక మాట. వజ్రమ్మ మూడు రోజులుగా ఒకే నీలం చీర కడుతోంది. ఉతికి, ఆరీ ఆరకముందే కట్టుకుని వెళుతోంది. ఆమెకేమైనా ఇబ్బందా అని మీ అమ్మనడిగితే, ఎవరి చీర వాళ్ల ఇష్టం అంది. నీకు తెలిస్తే రాయి.

ఇట్లు,
ఏడీ గారి తండ్రి గౌరయ్య


శామీర్‌పేట,
26 జూన్, గురువారం, పొద్దున ఏడు

బాపూ,

మొదటి వాక్యంలోనే చెప్పాలని నిన్నటి నుంచి అనుకుంటున్నాను. నేను సినిమాలో పని చేస్తున్నాను.

చెప్పేశాను. వాన వెలిసింది. చెరువు వైపు నుంచి గాలి వస్తోంది.

అసిస్టెంట్ డైరెక్టర్ అంటే సినిమా డైరెక్టరుకు చేతి కింద పనిచేసే మనిషి. మా పేరు గెజిట్‌లో రాదు. తెర మీద వస్తుంది, అదీ అంతా అయిపోయి జనం చెప్పులు వెతుక్కునేటప్పుడు. యూనిట్ అంటే గొర్రెలు కాదు, పనివాళ్లమే నూట ఇరవై మందిమి. లైటు అంటే ఎండ. ఫైట్ మాస్టర్ కొట్టుకోవడం నేర్పుతాడు, ఎవరికీ దెబ్బ తగలకుండా. వెనకటి కాలంలో జరిగే కథను పీరియడ్ అంటారు. మా కథ 1994లో ఒక మండలాఫీసులో ఫైలు పోవడం గురించి. ఆ మండలాఫీసునే కోళ్లఫారంలో కట్టారు. ఆర్ట్ డిపార్ట్‌మెంటు అని ఒకటుంది, గోడలు, బోర్డులు, బల్లలు, సీళ్లు అన్నీ వాళ్లే చేస్తారు.

వజ్రమ్మకు ఏ ఇబ్బందీ లేదు. పెరుగు పోయడానికి వస్తే, అర్జీలు పట్టుకుని నిలబడే జనంలో నిలబెట్టారు. అట్లాంటి వాళ్లను జూనియర్ ఆర్టిస్టులంటారు. నువ్వు జూనియర్ అసిస్టెంటులాగా అనుకుంటావేమో, ఇందులో ఎన్నేళ్లు చేసినా సీనియర్ కారు. ఆ సీను అయ్యేదాకా అదే చీర కట్టాలి. కట్టించేది నేనే. కంటిన్యూటీ అంటే అదే. అమ్మకు అంతా తెలుసు. నీకు చెప్పొద్దని వజ్రమ్మ చేత ఒట్టు వేయించుకుందట. ఆమెను ఏమీ అనకు. మొదటి ఉత్తరంలో సినిమా అని రాయడానికి నాకే చెయ్యి రాలేదు. ఐదో గంట సంగతి చదివాక అసలే రాలేదు.

ఇప్పుడు ఫారం. నా అట్ట కింద ఉన్నదాన్ని ఆర్ట్ డిపార్ట్‌మెంటు ప్రణయ్ మంగళవారం చూశాడు. అది ఆఫీసరు బల్ల మీదికి కావలసిన కాగితమే అనుకుని, మిగతా రెండు వందల కాగితాలతో పాటు దానికీ సీలు కొట్టి బల్ల మీద పెట్టేశాడు. నిన్న ఆఫీసరు వేషం వేసిన నటుడు కెమెరా ముందు దాని మీద సంతకం చేశాడు. నువ్వు కొన్న పెన్నుతోనే. ఆపుదామని చెయ్యెత్తాను, అప్పటికే కెమెరా నడుస్తోంది. షాట్ బాగా వచ్చిందన్నారు. నా పుస్తకంలో నేనే రాసుకున్నాను: పై నుంచి మూడో కాగితం, పచ్చ సంతకం, పెన్ను ఎడమవైపు. ఇక ఆ సీను పూర్తయ్యేదాకా అది బల్ల మీంచి కదలకూడదు. ఎవరైనా కదిపితే అరవాల్సింది నేనే.

ఇవాళ మధ్యాహ్నానికి సీను అయిపోతుంది. తీసి నా దగ్గర పెట్టుకుంటాను. ఆ సంతకం దేనికీ చెల్లదు. కొత్త ఫారం నింపి ఎవరినైనా నిజమైన ఆఫీసరును అడుగు. ఇంకా నాలుగు రోజులున్నాయి.

నీ అబద్ధపు ఏడీ,
తేజస్వి


మేడ్చల్,
27 జూన్ 2025, శుక్రవారం

తేజస్వికి,

పొద్దున ముసురు. పిల్లలు తక్కువగా వచ్చారు. నీ ఉత్తరం ఏదీ నాకు అందలేదు, వజ్రమ్మ నిన్న కనబడలేదు. అయినా రాస్తున్నాను.

చెప్పినట్టే గండయ్య నిన్న మీ ఆఫీసుకు వచ్చాడు. సాయంత్రం ఆరింటికి బస్సు దిగి నేరుగా మనింటికి వచ్చాడు. నువ్వు చెరువు గట్టున వేరే పనిలో ఉన్నావట. ప్రణయ్ అనే అబ్బాయి అతన్ని తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పేరు అడిగి, ఆ పేరున్న కాగితం బల్ల మీంచి తీసి చేతిలో పెట్టాడట. మంచి పిల్లగాడంటున్నాడు. మీ ఆఫీసు గురించి అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“నీ బిడ్డ ఆఫీసు మస్తుగున్నది గౌరయ్యా. సారు లోపటికొస్తే అందరు ఒక్కపారే లేసి నిలవడ్డరు. మల్ల గూసున్నరు. సారు బయటికి వోయి మల్లొచ్చిండు, మల్ల లేసిండ్రు. గట్ల ఆరుసార్లు. గంత మర్యాద నేనెక్కడ సూడలె.”

వజ్రమ్మ కూడా అక్కడ అర్జీ పట్టుకుని ఏడ్చిందట. ఆమెకేం కష్టమొచ్చిందోనని దారి పొడుగునా బాధపడ్డాడట. సంతకం నువ్వు చేయలేదు కదా అన్నాను. పెద్ద ఆఫీసర్లు సంతకాలు చేస్తారా, కిందివాళ్లతో చేయిస్తారు అన్నాడు.

తరువాత నేను కాగితం చూశాను. ఫోటో అతనిదే. సంతకం పచ్చగానే ఉంది. సీలులో ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము’ అని ఉంది. కింద ‘మండల రెవెన్యూ అధికారి, రంగారెడ్డి జిల్లా’ అని ఉంది. తేదీ 1994. ఆ ప్రభుత్వం ఇక్కడ లేక పదకొండేళ్లయింది. మనం రంగారెడ్డి జిల్లాలో లేక తొమ్మిదేళ్లు కావస్తోంది. ఎం.ఆర్.ఓ.ను ఇప్పుడు తహసీల్దారు అంటారు. ఇవి నాకు తెలియవనుకున్నావా? బడి సీళ్ల పెట్టె తాళం నా మొలతాడుకే ఉంటుంది.

గండయ్య కాగితం నాకివ్వకుండా మడిచి బనీనులో పెట్టుకుని వెళ్లిపోయాడు. సోమవారం శిబిరం వాళ్లకు ఇస్తాడు. నకిలీదని తేలితే ఆపరేషన్ పోవడమే కాదు, ముసలివాణ్ణి నిలబెట్టి ప్రశ్నలు అడుగుతారు. నువ్వు ఏ ప్రభుత్వంలో నౌకరీ చేస్తున్నావో తెలియజేయవలెను.

గౌరయ్య

తా.క.: ఇది మడిచి కవరులో పెట్టేటప్పుడు వజ్రమ్మ వచ్చి నీ 26వ తేదీ ఉత్తరం ఇచ్చింది. నిన్న షూటింగులో మరిచిపోయిందట. చదివాను. ఇవాళ రాయడానికి ఏమీ లేదు. ఒకటి మాత్రం అడుగుతున్నాను. నాకు తెలిసిన రకాలు పౌరాణికం, జానపదం, సాంఘికం. మీది వీటిలో ఏది?


శామీర్‌పేట,
29 జూన్, ఆదివారం

బాపూ,

మొదట కాగితం సంగతి. గురువారం సీను మధ్యలో నన్ను చెరువు గట్టు పనికి పంపారు, సీను అయ్యాక తిరిగొచ్చి బల్ల దగ్గర చూస్తే మూడో కాగితం లేదు. ప్రణయ్‌ను అడిగితే, మీ తాతకు ఇచ్చేశానని సంతోషంగా చెప్పాడు. అసలు సంగతి చెప్పగానే అతని ముఖం మాడిపోయింది. తప్పు దిద్దుకుంటానని, ఇప్పటి సీలు అరగంటలో అచ్చంగా చేసిస్తానన్నాడు. చేయగలడు కూడా. వద్దన్నాను. అట్లా చేయిస్తే నీ ఇంట్లో నేను మళ్లీ అడుగు పెట్టలేను.

తాత దగ్గర ఆ కాగితం ఎట్లాగైనా తీసుకో. నేను వచ్చి బతిమాలుదామంటే సెలవు లేదు. ఇవాళ కూడా షూటింగే.

ఇంకొక చిక్కు వచ్చింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. మొన్నటి సీనులో గోడ మీద లైట్‌మన్ నీడ పడిందట. ఎడిటర్ పట్టుకున్నాడు. శనివారం, ఐదో తేదీన, ఆ ముక్క మళ్లీ తీస్తారు. కెమెరా బల్ల మీద కాగితం దగ్గరికి వచ్చి ఆగుతుంది. అదే ఫోటో, అదే సంతకం కనబడాలి. కాగితం ఎక్కడని డైరెక్టర్ నన్ను అడిగాడు. కొత్త కాగితం చేద్దామంటే ఆ నటుడు ఒకసారి పెట్టినట్టు ఇంకోసారి సంతకం పెట్టడు. ఈ సినిమాలో నేను ఉండేదీ పోయేదీ ఆ కాగితం మీదే అని మా మొదటి ఏడీ రఘునందన్ అన్నాడు. ఆయన సరదాకు అనే మనిషి కాదు. అయినా ముందు తాత కళ్లు. ఆయన ఇవ్వనంటే లాక్కోవద్దు.

నువ్వు అడిగిన దానికి జవాబు. పౌరాణికం, జానపదం ఇప్పుడు ఆ పేర్లతో తీయడం తక్కువ. సాంఘికాన్నే ముక్కలు చేసి చాలా పేర్లు పెట్టారు. దయ్యం ఉంటే హారర్. ఎవరు చంపారో చివరిదాకా చెప్పకపోతే థ్రిల్లర్. ఇంటిల్లిపాదీ ఒకే హాల్లో కూర్చుని ఏడిస్తే ఫ్యామిలీ డ్రామా. ఇద్దరు పోట్లాడుకుని పెళ్లి చేసుకుంటే రొమాంటిక్ కామెడీ. మాది పీరియడ్ క్రైమ్ కామెడీ. వెనకటి కాలంలో తప్పు జరుగుతుంది, చూసేవాళ్లు నవ్వుతారు.

నువ్వు కోప్పడలేదు. అదే నాకు భయంగా ఉంది.

తేజస్వి


మేడ్చల్,
4 జూలై 2025, శుక్రవారం

తేజస్వికి,

ఇక్కడ రాత్రి వాన పడి తెల్లారి ఆగింది. బడికి సి.ఎల్. పెట్టాను. రాయడానికి తీరిక దొరికింది కాబట్టి వరుసగా రాస్తాను.

ఆదివారం మధ్యాహ్నం నీ ఉత్తరం అందగానే గండయ్య దగ్గరికి పోయి కాగితం అడిగాను. చెల్లదని చెప్పాను. ఎందుకు చెల్లదన్నాడు. సీలు సంగతి చెప్పాను. అతనికి చదువు రాదు, సీలు గుండ్రంగా ఉందా లేదా అన్నదే అడిగాడు. గుండ్రంగానే ఉందన్నాను. అప్పుడు గట్టిగా అన్నాడు:

“నేను కండ్లార సూసిన. నువ్వు సూసినవా?”

నేను చూడలేదు. అక్కడ చూసినవాడు అతనొక్కడే, ఆ కళ్లతో. ఇంటికొచ్చాను. మీ అమ్మ పోయి అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చెప్పింది. ఆఫీసు సినిమాదని, సారు వేషగాడని, లేచి నిలబడ్డవాళ్లంతా మెస్సులో అన్నం తినేవాళ్లేనని. గండయ్య చాలాసేపు విన్నాడట. మరి వజ్రమ్మ ఏడుపు అని అడిగాడట. అదీ సినిమానే అని చెప్పింది. అప్పుడతనికి కోపం వచ్చింది. కాగితం కోసం కాదు, దారి పొడుగునా ఆమె కోసం బాధపడినందుకు. కాగితం తీసి అరుగు మీద పెట్టి, మేకల దగ్గరికి పోయాడు. ఆపరేషన్ వద్దు, ఏమీ వద్దన్నాడు. ఆ రోజు అన్నం తినలేదు.

సోమవారం 30వ తేదీ. పొద్దున బడికి పర్మిషన్ చెప్పి, కొత్త ఫారం పట్టుకుని, గండయ్యను లేపి తీసుకుపోయాను. ఎక్కడికో అతనికి చెప్పలేదు. మన పశువుల దవాఖానకు. అక్కడి డాక్టరమ్మ ధరణి. కాకినాడ వైపు వాళ్లు, గుండ్లపోచంపల్లిలో కొత్త కాలనీలో ఉంటారు. ఆరేళ్లుగా గండయ్య మేకలకు సూదులు వేస్తున్నది ఆమే. గెజిటెడ్. బడికీ దవాఖానకూ మధ్య రెండు గోడలే. నాకు ఇన్నాళ్లూ గుర్తు రాలేదని రాయవచ్చు. కానీ గుర్తొచ్చింది. 17వ తేదీనే వచ్చింది. నా బిడ్డ ఉండగా ఇంకొకరిని అడగడమెందుకని ఊరుకున్నాను.

మేకలతో, బర్రెలతో పదిమంది వరుసలో ఉన్నారు. డాక్టరమ్మ గండయ్యను చూడగానే, చెవి చిరిగిన మేకకు పుండు మానిందా అని అడిగింది. ఫారం చదివి పెన్ను తీసింది. తీసి నా వైపు చూసింది.

“ఇన్నాళ్లూ నన్నెందుకు అడగలేదండీ?”

“మా బిడ్డ ఏడీ, మేడమ్. ఆమెతోని చేయిద్దామనుకున్న.”

“ఏ డిపార్ట్‌మెంటండీ?”

వరుసలో చక్రపాణి తమ్ముడు కూడా ఉన్నాడు, బర్రెను పట్టుకుని. అందరూ వింటున్నారు.

“డైరెక్షన్ డిపార్ట్‌మెంట్,” అన్నాను. “సినిమాది.”

చక్రపాణి తమ్ముడు ఏ రకం సినిమా అని అడిగాడు. పీరియడ్ క్రైమ్ కామెడీ అని చెప్పాను. ఇంకేమీ అడగలేదు. డాక్టరమ్మ సంతకం చేసి, సీలు కొట్టి, ఆరేదాకా ఊదింది. సీలు నేను చదువుకున్నాను. తెలంగాణ ప్రభుత్వము, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా. తేదీ సరిగా ఉంది. పన్నెండింటికి శిబిరంలో ఇచ్చాం. గండయ్య పేరు రాసుకున్నారు, కొమ్ము లేకుండా.

మీ అమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మరిచిపోయి మాట్లాడాను.

నీ పాత కాగితం ఈ కవరులో జత చేయడమైనది. రేపటికి అందాలని వజ్రమ్మకు ఇవాళే ఇస్తున్నాను. గండయ్య బనీనులో చెమటకు మెత్తబడితే పుస్తకాల కింద పెట్టి చదును చేశాను. మధ్యలో రెండు మడతలు ఉన్నాయి, ముందు లేవు. కుడివైపు కింది మూలన పసుపు మరక అయింది, అదీ ముందు లేదు. మడతలు కెమెరాకు కనబడకుండా పైన గాజు పేపర్‌వెయిట్ పెట్టవచ్చు. కానీ మొదటిసారి తీసినప్పుడు బల్ల మీద పేపర్‌వెయిట్ ఉందో లేదో నీ పుస్తకంలో చూసుకో. లేకపోతే పెట్టకూడదు. అందినట్టు సంతకం చేసి పంపు. నీ సంతకం చాలు, ఏ సిరా అయినా సరే.

గండయ్య ఈ పొద్దున ఆరు నలభైకి శిబిరం వ్యాను ఎక్కాడు. తోడుగా మీ అమ్మ వెళ్లింది. ఏడింటికి నేను అతని మేకలను తోలుకుని బయలుదేరాను.

గౌరయ్య